జత చూసి ఇచ్చే మనిషి

నందిగామలో బస్సు దిగి ఆ రేడియో రిపేరు కొట్టుకి వెళ్లేసరికి షట్టరు సగం దించి ఉంది. భోజనానికి వెళ్లాడేమో అనుకుని పక్కనున్న కిళ్లీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. ఒళ్లో సంచి, సంచిలో పాడైపోయిన టేప్ రికార్డరు. పావుగంట గడిచాక కిళ్లీ కొట్టాయన, ఎవరికోసం కూర్చున్నానో అడిగి, ఆయన పోయి పన్నెండు రోజులైందని చెప్పాడు. గుండెనొప్పట. ఎవరి సెట్లు వాళ్లకి అప్పగించడానికి ఆయన బావమరిది లోపల సర్దుతున్నాడట.

ఆ మాట వినగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇప్పుడీ టేప్ రికార్డరు ఎవరికివ్వాలి అని. రెండో ఆలోచన ఆయన గురించే వచ్చింది గానీ, మొదటిది మాత్రం ఇదే. రాస్తున్నవాడు ఎలాంటివాడో చదివేవాళ్లకి ముందే తెలియడం మంచిదని చెబుతున్నాను.

నేను జగ్గయ్యపేటలో ఫిజిక్సు చెప్పే మాస్టార్ని. వస్తువుల సంగతి నాకు తెలిసినంతగా పేటలో ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఏది కొనాలన్నా గ్రాఫు నోటుబుక్కు తీసి, గళ్లు గీసి, ఈ కంపెనీ గుణాలు ఇటు, ఆ కంపెనీ గుణాలు అటు రాసి, మార్కులు వేసి కూడేవాణ్ణి. మా ఆవిడ కుక్కరు అడిగినప్పుడు నెల రోజులు గళ్లు గీశాను. ఈలోగా వాళ్లన్నయ్య ఒకటి కొనిచ్చేశాడు. అది నా లెక్కలో మూడోస్థానంలో ఉన్న కుక్కరు. అన్నం మాత్రం శుభ్రంగా ఉడుకుతోంది.

ఆయన పేరు రాయను. కొట్టు బోర్డు మీద కూడా ఆయన పేరు ఉండేది కాదు. సన్నటి మనిషి. కళ్లజోడు ఒక కాడ విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. సెట్టు విప్పినప్పుడు స్క్రూలు నోట్లో పెట్టుకోవడం ఆయన అలవాటు. పెదాల మధ్య నాలుగు స్క్రూలు పెట్టుకుని ఉండగానే ఊళ్లో సంగతులన్నీ మాట్లాడేవాడు. మనం చెప్పేది ఆయనకి నచ్చకపోతే ఒక స్క్రూ తీసి సాసర్లో పెట్టేవాడు. బొత్తిగా నచ్చకపోతే రెండు. నాలుగూ సాసర్లోకి దిగడం పదిహేనేళ్లలో రెండే రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఎదురుగా ఉన్నది నేనే.

రిపేరుకొచ్చిన సెట్ల మీద సుద్దతో గుర్తు రాసేవాడు. ఇచ్చినవాళ్ల పేరు కాదు, వినేవాళ్ల సంగతి. 'ముసలమ్మ, చెవుడు.' 'చేలో కాపలా.' 'కొత్త కోడలు, ఒక్కతే.' ఇదేం పద్ధతని అడిగితే, చేలోకి పోయే రేడియోకి దుమ్ము, ముసలమ్మ రేడియోకి వాల్యూము, అవి తెలియకుండా ఏం బాగుచేస్తామని చెప్పాడు. చందర్లపాడు పక్క పల్లెలో ఆయన తండ్రి ఎడ్ల బేరాలు కుదిర్చేవాడట. ఎవరైనా ఒంటి ఎద్దు కావాలని వస్తే ఆ తండ్రి ముందు వాళ్లింటికి వెళ్లి దొడ్లో ఉన్న ఎద్దుని చూసి వచ్చేవాడట. దాని ఎత్తు, నడక, కాడికి ఏ పక్క కడతారు అన్నీ చూసుకుని అప్పుడు సంతకి బయల్దేరేవాడట. కొడుకు ఎడ్లు వదిలేసి రేడియోల్లోకి వచ్చాడు గానీ, పద్ధతి మార్చుకోలేదు.

డెబ్బైల్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, రేడియో కొందామని వెళ్లినప్పుడు ఈ పద్ధతి నాకు మొదటిసారి తగిలింది. మూడు బ్యాండ్లది కావాలన్నాను. ఏం వింటారని అడిగాడు. విజయవాడ స్టేషను అన్నాను. ఒక స్క్రూ సాసర్లోకి దిగింది. దానికి ఒక బ్యాండు చాలు, మిగతా రెండూ మీకు పొసగవండి అన్నాడు. ఆయన ఏ వస్తువునీ మంచిదనీ చెడ్డదనీ అనేవాడు కాదు. పొసుగుద్ది, పొసగదు, అంతే. షార్ట్ వేవ్ తరంగాలు ఎలా ప్రయాణిస్తాయో అరగంట సేపు ఆయనకి పాఠం చెప్పి, మూడు బ్యాండ్లదే తెచ్చుకున్నాను. దాని బ్యాండు మార్చే మీట ఇప్పటికీ ఎంత కొత్తగా ఉందంటే, నిన్న కొన్నట్టుంది.

ఇక అసలు సంగతి. ఎనభైల చివర్లో మా ఎదురింటికి ఒక నల్ల పెట్టె వచ్చింది. ఆ ఇంటాయనకి సున్నపురాయి తోలే లారీలు రెండున్నాయి. ఆయన బావమరిది మద్రాసు నుంచి వీడియో గేమ్ తెచ్చాడు. టీవీకి తగిలిస్తే తెర మీద బొమ్మలు పరుగెడతాయి, చేతిలో కర్రలాంటి జాయ్‌స్టిక్ పట్టుకుని వాటిని నడపాలి. వీధిలో పిల్లలంతా సాయంత్రమయ్యేసరికి ఆ ఇంట్లోనే ఉండేవాళ్లు. మా పద్మ కూడా.

పద్మకి అప్పుడు పదేళ్లు. మాకు ఒక్కతే కూతురు, మాట తక్కువ. బళ్లో కూడా విడిగా కూర్చుంటుందని టీచరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ నల్ల పెట్టె వచ్చాక మొదటిసారి మా పిల్ల సాయంత్రాలు వీధి దాటి వెళ్లడం, ఇంటికొచ్చి వాళ్ల పిల్లలు ముగ్గురి పేర్లూ చెప్పడం మొదలుపెట్టింది. ఏ తండ్రయినా దానికి సంతోషించాలి. నేను మాత్రం, మా అమ్మాయి లారీలాయన ఇంట్లో వంతుకోసం నిలబడుతోందే అని ఏడ్చాను. ఆయన ఎనిమిది తప్పాడు. నేను ఎమ్మెస్సీ. ఒకరోజు వాళ్లావిడ, 'మాస్టారుగారి అమ్మాయికి కూడా ఒకసారి ఇవ్వండ్రా, పాపం' అనడం నా చెవిన పడింది. ఆ 'పాపం' నాకు రెండ్రోజులు అన్నం సహించనివ్వలేదు.

గ్రాఫు నోటుబుక్కు తీశాను. అప్పట్లో మద్రాసు నుంచి రెండు రకాల పెట్టెలు వస్తున్నాయి. ఎదురింట్లో ఉన్న నల్లది పాతరకం. కొత్తగా వచ్చిన తెల్లదానికి రంగులెక్కువ, బొమ్మ స్పష్టం, సంగీతం కూడా వస్తుంది. దీని ఆటల కాసెట్ దాన్లో పట్టదు, దానిది దీన్లో పట్టదు. ఈ చివరి సంగతిని నేను 'ఇతర విషయాలు' అనే గడిలో రాసి, దానికి సున్నా మార్కులు కేటాయించాను. తెల్లదే గెలిచింది. తెప్పించమని చెప్పడానికి నోటుబుక్కు చంకలో పెట్టుకుని నందిగామ వెళ్లాను.

ఆయన గళ్లన్నీ ఓపిగ్గా చదివాడు. చదివి, మా ఇంట్లో ఏ టీవీ ఉందని అడిగాడు. బ్లాక్ అండ్ వైట్ అన్నాను. ఒక స్క్రూ దిగింది. రంగుల టీవీ రేపో మాపో కొంటానన్నాను. రెండో స్క్రూ దిగింది.

"ఎవరితో ఆడుద్దండి అమ్మాయి?"

ఎవరొస్తే వాళ్లతో ఆడుతుంది, దానికీ పెట్టెకీ ఏమిటి సంబంధం అన్నాను. ఎదురింట్లో ఏది ఉందని అడిగాడు. నల్లదన్నాను. మిగతా రెండు స్క్రూలూ తీసి సాసర్లో పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"అయితే మీరూ నల్లదే తీసుకోండి మాస్టారూ. తెల్లది మంచిది కాదని నేననను. కానీ మీ వీధిలో నల్లది ఉంది. మీ దగ్గరొక కాసెట్, వాళ్ల దగ్గరొక కాసెట్. ఇయ్యాల అటు పోద్ది, రేపు ఇటు వస్తది. దాని ఎనకాలే పిల్లలు తిరుగుతా ఉంటారు. తెల్లది తీసుకెళ్లారనుకోండి, మీ వీధిలో అది ఒంటెద్దు. మీ అమ్మాయికి కావాల్సింది ఆటో, ఆడేవాళ్లో చూసుకోండి."

ఎదురింటివాళ్లు నాసిరకం కొన్నారని నేనూ నాసిరకం కొనాలా అని అడిగాను. బొమ్మ స్పష్టత గురించి పాఠం మొదలుపెట్టాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు. స్క్రూలు ఒక్కొక్కటే మళ్లీ పెదాల మధ్య పెట్టుకుని, మద్రాసుకి ఉత్తరం రాస్తానన్నాడు.

తెల్ల పెట్టె వచ్చింది. మొదటి రెండ్రోజులూ వీధి వీధంతా మా ఇంటికి తరలివచ్చింది. నా ఛాతీ ఉప్పొంగింది. వచ్చిన పిల్లలు కాళ్లు కడుక్కుని రావాలని, అరవకూడదని, అక్షరక్రమంలో మనిషికి పది నిమిషాలని నియమాలు రాసి గోడకి అంటించాను. ఆట మొదలయ్యే ముందు తెర మీద బొమ్మ ఎలా ఏర్పడుతుందో క్లుప్తంగా చెప్పేవాణ్ణి. క్లుప్తంగా అంటే పావుగంట. మూడోరోజు ఒక్కడే వచ్చాడు. నాలుగోరోజు ఎవరూ రాలేదు.

ఆ సాయంత్రం పద్మ మామూలుగా ఎదురింటికి వెళ్లి, వెంటనే తిరిగొచ్చింది. ఏమైందని అడిగితే, లారీలాయన చిన్నకొడుకు, 'మీకుందిగా, మీది ఇంకా మంచిదిగా' అన్నాడని చెప్పింది. వాడు కుళ్లుతో అనలేదు. వాళ్ల ఇంట్లో వంతులు తక్కువ, పెట్టె ఉన్నవాళ్లు తమ ఇంట్లో ఆడుకుంటారని వాడి లెక్క. నాకు మాత్రం ఆ రెండో ముక్క వినగానే గర్వంగా అనిపించింది. శత్రువు ఒప్పుకున్నాడన్నంత గర్వం. అదే మాట మా ఆవిడతో చెబితే ఆవిడ నావంక అదోలా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత పదిహేను రోజులకనుకుంటాను, నేను బడి నుంచి వచ్చేసరికి పద్మ టీవీ ముందు కూర్చుని ఉంది. ఇద్దరాడే ఆట పెట్టుకుంది. ఆట నడిపే రిమోటు ఒకటి ఎడమ మోకాలి మీద, ఒకటి కుడి మోకాలి మీద. కుడిచేత్తో కాసేపు దీన్ని నొక్కి, "ఇప్పుడు నీ వంతు" అని పక్కన ఖాళీ చాప వైపు తిరిగి చెప్పి, ఎడంచేత్తో దాన్ని నొక్కుతోంది. నా ప్రాణం చివుక్కుమంది. అయినా నాలోని మాస్టారు చావలేదు. పిల్లకి ఒకే కాసెట్ తో విసుగొచ్చింది, కొత్త కాసెట్లు కావాలని తేల్చి, మర్నాడే నందిగామ వెళ్లాను.

రెండు చేతులతో ఆడే తెలివి మా అమ్మాయిదని ఆయనతో గొప్పగానే చెప్పాను. నేను చెప్పడం పూర్తయ్యేలోపే నాలుగు స్క్రూలూ సాసర్లో ఉన్నాయి. కాసెట్ల సంగతి తర్వాత, సెట్టు ఒకసారి చూడాలండి, ఆదివారం నేనే వస్తానన్నాడు.

అన్నట్టే వచ్చాడు. పద్మని పక్కన కూర్చోబెట్టుకుని సెట్టు పెట్టమన్నాడు. నేను టీకి చెప్పడానికి లోపలికి వెళ్లొచ్చేసరికి ఇద్దరూ ఏదో మాట్లాడుకుని ఊరుకున్నారు. ఆయన వైర్లు పీకేసి, పెట్టె తీసుకుని వరండాలోకి వచ్చి, ఎదురింటి అరుగుదాకా వినబడేలా, ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు, "చాలా పెద్ద కంప్లైంటు ఉందండి మాస్టారూ, నాలుగు రోజుల్లో అయ్యేది కాదు" అన్నాడు. పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఆ సాయంత్రమే లారీలాయన చిన్నకొడుకు మా గుమ్మంలోకి వచ్చి, "మీది పాడైపోయిందంటగా, రా" అని పద్మని లాక్కెళ్లాడు.

నేను వారం ఆగి వెళ్లాను. పార్టు రాలేదన్నాడు. ఇంకో వారం ఆగి వెళ్లాను. పార్టు సంగతి అడిగితే, "అమ్మాయి సాయంత్రాలు ఎక్కడుంటోందండి?" అని అడిగాడు. ఎక్కడుంటుంది, మా పెట్టె మీ దగ్గరుంటే ఎదురింట్లోనే పడి ఉంటోందని విసుక్కున్నాను. "అయితే ఇంకో పదిరోజులు పడుద్దండి" అన్నాడు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ పదిరోజులు. ఈ పాటికి చదివేవాళ్లందరికీ సంగతి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. నేను ఎమ్మెస్సీ.

నాకు అర్థమైంది ఇది: కొత్త సెట్టుని రిపేరు పేరుతో పట్టుకెళ్లి, లోపలి మంచి పార్టులు తీసేసుకుని, పాతవి వేస్తున్నాడు. ఈ పరిశోధన ఫలితాన్ని స్టాఫ్ రూములో ప్రకటించాను. అక్కడితో ఆగక, షరాబుల కొట్లో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, కంచికచర్ల వెళ్లే బస్సులో ముక్కూమొహం తెలియనాయనకి చెప్పాను. నా మాటంటే పేటలో గురి. సైన్సు మాస్టారు ఊరికే అనడు కదా. ఇద్దరు ముగ్గురు నందిగామ వెళ్లి తమ సెట్లు తెచ్చేసుకున్నారని తెలిసినప్పుడు, ఊరికి మేలు చేశానని అనుకున్నాను.

మూడో నెలలో ఒకరోజు హోంవర్కు వేళ దాటిందని పద్మని పిలవడానికి ఎదురింటికి వెళ్లాను. వీధి మధ్యలో ఉండగానే ఒక కేక వినబడింది. ఎవరో పిల్ల గొంతు చించుకుని అరుస్తోంది, నవ్వుతోంది. గుమ్మం దగ్గరికి వెళ్లేదాకా అది మా అమ్మాయని పోల్చుకోలేకపోయాను. పదేళ్లుగా ఇంట్లో ఉన్న గొంతు. లోపల లారీలాయన లుంగీ బనీనుతో చాప మీద కూర్చుని పిల్లల చేతిలో చిత్తుగా ఓడిపోతున్నాడు. నన్ను చూసి, "రండి మాస్టారూ, నా వల్ల కావట్లా" అని జాయ్‌స్టిక్ నా చేతిలో పెట్టాడు. తెర మీద గుండు ఏ కోణంలో వస్తుందో పిల్లలకి వివరిస్తూ ఉండగానే అది వచ్చి తగిలింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది పద్మే.

"మా నాన్నకి థియరీ బాగా వచ్చు" అంది.

ఆ రోజు హోంవర్కు సంగతి ఇద్దరం మర్చిపోయాం. మర్నాడు పిలవడానికి కాస్త ముందే వెళ్లాను. ఆ మర్నాడు ఇంకాస్త ముందు.

తర్వాత నందిగామ వెళ్లినప్పుడు ఆయన అదే ప్రశ్న అడిగాడు. ఎదురింట్లోనే, నేనూ వెళ్తున్నాననుకోండి పిలవడానికి అన్నాను. పిలిచి వచ్చేస్తున్నారా, కూర్చుంటున్నారా అని అడిగాడు. కొంచెం సిగ్గుపడి, కూర్చుంటున్నానని ఒప్పుకున్నాను. ఆయన లేచి, లోపలి గదిలోంచి తెల్ల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

"బాగైపోయిందండి. దీన్ని మీ ఇంట్లో పెట్టకండి. తీసుకెళ్లి ఎదురింట్లో నల్లదాని పక్కన పెట్టండి."

డబ్బులు తీసుకోలేదు. అదీ నాకు అనుమానంగానే అనిపించింది. మా వైపు సెట్టు రిపేరుకి ఇచ్చేటప్పుడు పార్టులు మార్చకుండా ఏదో ఒక గుర్తు పెట్టడం అందరికీ అలవాటే. ఆయన ఆ ఆదివారం పెట్టె పట్టుకెళ్తుంటే నేను ఒక్క నిమిషం ఆగమని లోపలికి తీసుకెళ్లి, నాలుగు స్క్రూల మీదా మా ఆవిడ గోళ్లరంగు ఒక్కో చుక్క వేసి ఇచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఆ నాలుగు చుక్కలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆయన దాన్ని అసలు విప్పనేలేదు. పద్మని పిలిచి, ఆ రోజు నేను లోపలికెళ్లినప్పుడు ఆయన ఏమడిగాడని అడిగాను.

"ఇది పాడైతే నీకు బాధగా ఉంటదా అనడిగాడు. ఉండదన్నా" అంది.

పెట్టె ఎదురింట్లో పెట్టాను. పద్మకి ఇప్పుడు ఆ వీధిలో లేని స్నేహం లేదు. నాకూ ఆ లారీలాయన ఒక్కడే స్నేహితుడు, స్టాఫ్ రూమువాళ్లు వినకపోతే చెబుతాను. అప్పుడే నేను చేయవలసిన పని ఒకటుంది. ఎన్నిచోట్ల ఆయన్ని దొంగన్నానో అన్నిచోట్లకీ వెళ్లి, తప్పు నాదని చెప్పడం. స్టాఫ్ రూములో ఒకరిద్దరికి చెప్పాను. దొంగతనం సంగతి చెవులు రిక్కించి విన్నవాళ్లే, ఈ సంగతికి, "పోనీలెండి, తిరిగిచ్చాడుగా" అని గడియారం చూసుకున్నారు. మిగతా చోట్లకి వెళ్లడానికి నామోషీ అడ్డొచ్చింది. అంత తెలివైనవాడు గోళ్లరంగు చూస్తే గానీ తెలుసుకోలేదని నా నోటితో నేనే ఎలా చెప్పుకోను. తర్వాత కూడా ఆయన కొట్టుకి వెళ్తూనే ఉన్నాను. ఆయన ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇక ఆయన పోయాడని విన్న ఆ రోజు, కిళ్లీ కొట్టాయన్ని ఆయన ఇల్లెక్కడో అడిగి, సంచీతోనే వెళ్లాను. ఆయన భార్య మంచినీళ్లిచ్చి, ఏ ఊరని అడిగింది. పేట అన్నాను.

"పేట నుంచి ఈమధ్య ఎవరూ రావట్లేదండి. ఒకప్పుడు కొట్లో సగం సెట్లు మీ ఊరియ్యే" అంది.

అప్పుడు చెప్పాను. తెల్ల పెట్టె, పార్టులు, స్టాఫ్ రూము, మంగలి షాపు, ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆమె నేల చూస్తూ వింది. అంతా అయ్యాక ఖాళీ గ్లాసు అందుకుంది.

"ఆయనకి తెలుసండి. మీరట్టా అంటన్నారని మీ ఊరాయనే ఒకాయన వచ్చి చెప్పాడు. నేను ఊరుకోలా. ఆ పెట్టె ఆ మాస్టారికి పడేసి రమ్మన్నా. 'ఇచ్చేస్తే నా పరువు దక్కుద్ది, ఆ పిల్ల మళ్లీ ఒక్కతే అయిపోద్ది, కాస్త ఓర్చుకో' అన్నారు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది, నిష్ఠూరానికి ఏదో ఒక జవాబు చెప్పగలను. బస్సుకి టైమైందని లేచాను. నందిగామ నుంచి పేటకి బస్సుకి టైమేమిటి, హైదరాబాదు రోడ్డు మీద ఒకటిపోతే ఒకటి వస్తూనే ఉంటాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా నాతో గుమ్మం దాకా వచ్చింది.